పురుగుమందుల అవశేషాలకు ఎంజైమ్ పరీక్ష: బల్ల దగ్గర నా అనుభవం

కూరగాయల మీద మిగిలిన పురుగుమందును అరగంటలో పట్టడానికి వాడే ఎంజైమ్ పరీక్ష ఒకే ప్రశ్నకు జవాబిస్తుంది: కూరగాయను ఊపి తీసిన నీటిలో కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ను పని చేయనివ్వని పదార్థం ఉందా, లేదా? అది ఏ మందు, ఎంత మోతాదు, గరిష్ఠ పరిమితికి లోపలా బయటా అనేవి ఈ పరీక్ష చెప్పలేదు. ఈ సంగతి మరిచిపోయి ‘నెగటివ్’ అని రాగానే ‘మందు లేదు’ అని కాగితం మీద రాసేయడమే ఈ పనిలో జరిగే అతి పెద్ద నష్టం. నెగటివ్ అంటే ఏమిటో, పాజిటివ్ అంటే ఏమిటో తేల్చేది చాలావరకు ఖాళీ కార్డు, ఖాళీ ట్యూబు, అంటే శాంపిల్ వేయకుండా పక్కన నడిపేవి. అందుకే ఈ వ్యాసంలో వాటి గురించే ఎక్కువ చెబుతాను.

పురుగు నరాల్లో ఒక కణం నుంచి ఇంకో కణానికి సంకేతం మోసేది ఎసిటైల్‌కోలిన్. దాని పని అవ్వగానే దాన్ని విడగొట్టేది ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్. ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ జాతి మందులు ఈ ఎంజైమ్‌కు అతుక్కుని దాన్ని ఆపేస్తాయి, పురుగు చనిపోయేది అందుకే. అదే చర్యను ట్యూబులోనో కార్డు మీదో జరిపించి, ఎంజైమ్ ఇంకా పనిచేస్తోందో లేదో రంగును బట్టి చూస్తాం.

పరిధి ఏమిటో ముందే తెలియాలి. డైక్లోరోవాస్, కార్బోఫ్యూరాన్, మెథోమిల్ లాంటివి ఈ పరీక్షకు బాగా దొరుకుతాయి. సైపర్‌మెత్రిన్ లాంటి సింథటిక్ పైరెత్రాయిడ్లు, ఇమిడాక్లోప్రిడ్ లాంటి నియోనికోటినాయిడ్లు ఎంత ఉన్నా దొరకవు, ఎందుకంటే అవి పురుగు నరాల మీద వేరేచోట పనిచేస్తాయి. కలుపు మందులు దొరకవు. తెగుళ్ల మందుల్లో మాంకోజెబ్‌దీ అదే కథ. కార్బెండజిమ్ దగ్గర చాలామంది పొరపడతారు. రసాయన నిర్మాణం ప్రకారం అదీ కార్బమేటే, కానీ ఈ ఎంజైమ్ జోలికి పోదు. పొలంలో కొట్టిన మందుల జాబితా దొరికితే పరీక్షకు ముందే చదవండి. అందులో పైరెత్రాయిడ్లు, నియోనికోటినాయిడ్లు మాత్రమే ఉంటే కార్డు వృథా, ఆ శాంపిల్‌ను నేరుగా పెద్ద ల్యాబ్‌కు పంపాలి.

శాంపిల్ తీయడంలో తొందర పనికిరాదు. మందు చేనంతటా సమంగా పడదు. స్ప్రేయర్ మలుపు తిరిగే చోట రెండుసార్లు పడుతుంది, గుబురు లోపలికి దిగదు. ఒక మొక్క నుంచి కోసిన గుప్పెడు ఆకు ఆ మొక్క సంగతే చెబుతుంది. అవశేషాల కోసం నమూనా తీయడానికి అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 1999లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 25 గ్రాముల లోపు బరువుండే చిన్న కాయలు కనీసం 1 కిలో తీయాలి. 25 నుంచి 250 గ్రాముల మధ్య ఉండేవి కనీసం 1 కిలో, అందులో 10 కాయలకు తగ్గకుండా. అంతకంటే పెద్దవైతే 2 కిలోలు, 5 కాయలకు తగ్గకుండా. చేలోనో గుట్టలోనో వేర్వేరు చోట్ల నుంచి తీసి కలపాలి. కలిపాక రెండు భాగాలు చేసి ఒకదాన్ని పాలిథిన్ సంచిలో కట్టి, చీటీ రాసి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాలి. ఇది పరీక్ష మొదలుకాక ముందే జరగాలి. పాజిటివ్ వచ్చాక మిగిలిన ముక్కల్లోంచి ఏరి నిర్ధారణకు పంపితే ఆ ఫలితం మీద ఎవరికీ నమ్మకం ఉండదు.

శాంపిల్‌ను కడగకూడదు. మట్టి ఉంటే పొడి గుడ్డతోనో టిష్యూతోనో తుడిస్తే చాలు. కడిగితే మనం వెతికే పైపొర మందే ముందు పోతుంది. కత్తెర, పలక, గిన్నె ప్రతి శాంపిల్‌కూ కడిగి, చివరగా డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు తొలవాలి. సబ్బు మిగిలితే ఎంజైమ్ దెబ్బతింటుంది. శానిటైజర్ రాసుకున్న చేత్తో కార్డు ముట్టుకోవద్దు. దోమలకూ బొద్దింకలకూ కొట్టే స్ప్రేలు కొన్నిట్లో ప్రొపోక్సర్ ఉంటుంది, పాతవాటిలో డైక్లోరోవాస్ ఉండేది. అవి కొట్టిన గదిలో ఖాళీ కార్డుకే రంగు సరిగా రాదు. కుళాయి నీళ్లలో ఉండే క్లోరిన్ కూడా ఈ చర్యలను చెడగొడుతుంది, కాబట్టి బఫర్‌ను, అంటే ఆమ్ల-క్షార స్థాయిని (పీహెచ్) నిలకడగా ఉంచే ద్రావణాన్ని, డిస్టిల్డ్ వాటర్‌తోనే కలపాలి.

కార్డు పద్ధతికి పీహెచ్ 7.5 బఫర్ వాడతాను: 500 మి.లీ. నీళ్లలో 12 నీటి అణువులున్న డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 15.0 గ్రాములు, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 1.59 గ్రాములు. డైసోడియం లవణం సీసా మీద నీటి అణువులు ఎన్నో చూసుకోవాలి. నీరు లేని రకాన్ని అదే బరువు తీసుకుంటే బఫర్ గాఢతా మారుతుంది, పీహెచ్ కూడా మారుతుంది. కలిపాక మీటర్‌తో ఒకసారి కొలవడం మంచిది.

ఆకును 1 సెంటీమీటరు చదరపు ముక్కలుగా కత్తిరించి 5 గ్రాములు తూచాలి. 10 మి.లీ. బఫర్ పోసి, మూత పెట్టి 50 సార్లు ఊపి, కనీసం 2 నిమిషాలు కదపకుండా ఉంచాలి. మిక్సీలో వేసి రుబ్బితే ఎక్కువ మందు బయటికొస్తుందని చాలామందికి అనిపిస్తుంది. నిజానికి రుబ్బగానే ఆకు రసం, ఆమ్లాలు, పచ్చ రంగు అన్నీ నీళ్లలోకి దిగి ఎంజైమ్‌తో కలబడతాయి. పెద్ద ముక్కలు కోయడం వెనక ఉద్దేశం పైపొర మందును నీళ్లలోకి దింపి, లోపలి రసాన్ని లోపలే ఉంచడం. దీనికొక మూల్యం ఉంది. డైమిథోయేట్, మోనోక్రోటోఫాస్ లాంటి అంతర్వాహిక మందులు మొక్క కణజాలంలోకి పోయి ఉంటాయి, ఇలా ఊపితే వాటిలో కొంతే బయటికొస్తుంది. వాటి విషయంలో కార్డు ఎప్పుడూ తక్కువే చూపిస్తుందని లెక్కలో పెట్టుకోవాలి.

కార్డు మీద రెండు బిళ్లలుంటాయి. తెల్లదాంట్లో ఎంజైమ్, ఎర్రదాంట్లో ఇండోఫినైల్ ఎసిటేట్. ఎంజైమ్ బాగుంటే ఎర్ర బిళ్లలోని పదార్థాన్ని విడగొట్టి నీలం రంగు తెస్తుంది. ముందు తెల్ల బిళ్ల మీద శాంపిల్ నీళ్లు 2, 3 చుక్కలు వేసి 37 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచాలి. తర్వాత కార్డు మడిచి ఎర్ర బిళ్లను తెల్ల బిళ్లకు ఆనించి 3 నిమిషాలు నొక్కి పట్టాలి. వేడి ఇచ్చే చిన్న పరికరం ఉంటే అందులో పెట్టాలి, లేకపోతే వేళ్ల మధ్య పట్టుకున్నా నడుస్తుంది. విప్పి చూస్తే తెల్ల బిళ్ల ముదురు నీలమైతే నెగటివ్. లేత నీలమైతే కొంత నిరోధం ఉన్నట్టు. రంగే రాకపోతే పాజిటివ్.

ఆ 10 నిమిషాల్లో కోత వేయకూడదు. మందు ఎంజైమ్‌ను ముట్టగానే అంతా ఒక్కసారిగా ఆగిపోదు. ఒక్కొక్క ఎంజైమ్ అణువునూ పట్టుకుంటూ పోవడానికి సమయం పడుతుంది. 5 నిమిషాలకే మడిచేస్తే మందు ఉన్న శాంపిల్ కూడా నీలంగా వచ్చి నెగటివ్‌లా కనిపిస్తుంది. కార్డులు ఎక్కువుంటే ఒకదానికీ ఇంకోదానికీ అర నిమిషం తేడాతో చుక్కలు వేసి, అదే వరుసలో అదే తేడాతో మడవాలి. అప్పుడు అన్నిటికీ సరిగ్గా 10 నిమిషాలు దక్కుతాయి. బిళ్ల ఎండిపోకుండా చూసుకోవడం కూడా ముఖ్యమే. ఫ్యాను కింద పెడితే 2 చుక్కలు మధ్యలోనే ఆరిపోయి ఏ రంగూ రాదు, దాన్ని పాజిటివ్ అనుకుంటారు.

ప్రతి బ్యాచ్‌లోనూ ఉత్త బఫర్ వేసిన ఖాళీ కార్డు ఒకటి ఉండాలి. దానితో పోల్చకుండా ఏ కార్డు రంగునూ నిర్ణయించకూడదు. ఖాళీ కార్డు నీలంగా మారకపోతే కారణాలు కొన్నే ఉంటాయి: చుక్కలు చాలక బిళ్ల ఎండిపోవడం, వేడి చాలకపోవడం, కార్డు గడువు దాటడం, తేమ తగలడం, గదిలోనో గిన్నెలోనో మందు అంటుకుని ఉండడం. కారణం ఏదైనా ఆ బ్యాచ్ మొత్తం చెల్లదు. ‘శాంపిల్ కార్డు నీలంగానే వచ్చింది కదా, ఖాళీదాని సంగతి వదిలేద్దాం’ అనే మాట ఈ బల్ల దగ్గర వినపడకూడదు. గది చల్లగా ఉండి 37 డిగ్రీలు కుదరకపోతే, ఖాళీ కార్డుకు నిండు నీలం రావడానికి ఎంతసేపు పడుతుందో ముందు చూసి, అంతే సమయం శాంపిళ్లకూ ఇవ్వాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన పాకెట్‌ను గది వేడికి వచ్చేదాకా విప్పవద్దు, విప్పితే తేమ బిళ్లల మీద కూర్చుంటుంది.

కార్డు పట్టగల కనీస మోతాదు మందును బట్టి మారుతుంది. డైక్లోరోవాస్ కిలోకు అర మిల్లీగ్రాము లోపే కనిపిస్తుంది, మలాథియాన్‌కు సుమారు 2 మిల్లీగ్రాములు కావాలి. చాలా పంటల్లో పరిమితులు ఇంతకంటే ఎంతో తక్కువ. ప్రత్యేకంగా పరిమితి నిర్ణయించని మందుకు కిలోకు 0.01 మి.గ్రా. అనే లెక్క చాలాచోట్ల అమలులో ఉంది. కార్డు నెగటివ్‌ను ఆ లెక్కతో ముడిపెట్టే వీలే లేదు. మోతాదు మించి కొట్టినవాటినీ, కోతకు ముందు వదలాల్సిన రోజులు వదలకుండా కోసినవాటినీ అక్కడికక్కడ ఆపడానికి మాత్రం ఇంత తక్కువ సమయంలో దీనికి మించింది నాకు తెలియదు.

అంకె కావాలంటే రంగు గాఢతను కొలిచే కలరీమీటర్ పద్ధతికి వెళ్లాలి. దీనికి ఆధారం 1961లో జార్జ్ ఎల్‌మన్, ఆయన సహచరులు ప్రకటించిన రసాయన చర్య. ఎంజైమ్ ఎసిటైల్‌థయోకోలిన్‌ను విడగొడితే థయోకోలిన్ వస్తుంది. అది డీటీఎన్‌బీ అనే కారకంతో కలిసి పసుపు రంగు ఇస్తుంది. ఆ పసుపు ఎంత వేగంగా పెరుగుతోందో 412 నానోమీటర్ల దగ్గర చదువుతాం. బఫర్ పీహెచ్ 8.0 ఉండాలి: లీటరు నీళ్లలో నీరు లేని డైపొటాషియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 11.9 గ్రాములు, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 3.2 గ్రాములు. రంగు కారకానికి 160 మి.గ్రా. డీటీఎన్‌బీ, 15.6 మి.గ్రా. సోడియం బైకార్బొనేట్‌ను 20 మి.లీ. బఫర్‌లో కరిగించి గోధుమ రంగు సీసాలో 4 డిగ్రీల దగ్గర దాచాలి. సబ్‌స్ట్రేట్‌కు, అంటే ఎంజైమ్ విడగొట్టాల్సిన పదార్థానికి, 25 మి.గ్రా. ఎసిటైల్‌థయోకోలిన్ అయొడైడ్‌ను 3 మి.లీ. ఉత్త డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించాలి. బఫర్‌లో కరిగిస్తే ఆ క్షార గుణానికి ఎంజైమ్ లేకుండానే అది విడిపోవడం మొదలుపెడుతుంది. చల్లగా ఉంచినా రెండు వారాలు మించి వాడకూడదు. ఎంజైమ్ పొడిని బఫర్‌లో కరిగించేటప్పుడు గట్టిగా కుదపకండి, నురగ వస్తే ఎంజైమ్ చెడుతుంది. చిన్న చిన్న ట్యూబుల్లో పంచుకుని గడ్డకట్టించి, ఒక్కో ట్యూబును ఒక్కసారే కరిగించి వాడాలి. పని జరిగినంతసేపూ అది ఐసు మీదే ఉండాలి.

శాంపిల్‌కు 1 గ్రాముకు 5 మి.లీ. బఫర్ చొప్పున పోసి, 1, 2 నిమిషాలు ఊపి, నీళ్లు వేరే గిన్నెలోకి వంచి 3 నుంచి 5 నిమిషాలు తేరనివ్వాలి. నేను 2 గ్రాములకు 10 మి.లీ. పోస్తాను, తూకంలో వచ్చే తప్పు అలా తగ్గుతుంది. తేరిన నీళ్లు 2.5 మి.లీ., ఎంజైమ్ 0.1 మి.లీ., రంగు కారకం 0.1 మి.లీ. కలిపి 37 డిగ్రీల దగ్గర 15 నిమిషాలకు తగ్గకుండా ఉంచాలి. చివరగా సబ్‌స్ట్రేట్ 0.1 మి.లీ. వేసి వెంటనే కలిపి క్యూవెట్‌లో (రీడింగ్ తీసే చిన్న పారదర్శక పాత్రలో) పోసి, మొదటి రీడింగ్, 3 నిమిషాల తర్వాతి రీడింగ్ రాసుకోవాలి. సబ్‌స్ట్రేట్ ముందు వేసి ఎంజైమ్ తర్వాత వేస్తే మందుకు ఎంజైమ్‌ను పట్టే సమయమే దొరకదు, ఫలితం తప్పుగా నెగటివ్ వస్తుంది. ఖాళీ ట్యూబులో శాంపిల్ నీళ్లకు బదులు అంతే బఫర్ వేసి మిగతాదంతా అలాగే చేయాలి.

లెక్క తేలిక. ఖాళీ ట్యూబు 3 నిమిషాల్లో 0.42 పెరిగి, శాంపిల్ 0.31 పెరిగిందనుకోండి. తేడా 0.11, దాన్ని 0.42తో భాగిస్తే 26 శాతం నిరోధం. శాంపిల్ 0.17 మాత్రమే పెరిగితే 60 శాతం. సాధారణంగా 50 శాతం దగ్గర గీత గీసి, అది దాటితే పాజిటివ్ అంటారు. ఖాళీ ట్యూబు పెరుగుదల 0.3కు తగ్గితే ఎంజైమ్ బలహీనపడిందో, వేడి చాలలేదో అన్నమాట. ఆ రీడింగులతో శాతాలు కట్టకూడదు. అంకె చిన్నదైతే పైపెట్ చుక్కలో తేడా కూడా పెద్ద శాతంగా కనిపిస్తుంది. పైపెట్ గురించి ఇంకో మాట: 0.1 మి.లీ. మూడుసార్లు వేసే ఈ పనిలో మొన అంచుకు వేలాడే చుక్కే ఎక్కువ ఫలితాలను పాడుచేస్తుంది. మొనను ట్యూబు గోడకు తాకించి వదలాలి.

శాంపిల్ పెరుగుదల ఖాళీదాని కంటే ఎక్కువ వస్తే, అంటే నిరోధం మైనస్‌లోకి పోతే, కొద్దిపాటి మైనస్‌ను కొలతలో తేడాగానే తీసుకుంటాను. మైనస్ 20 శాతం దాకా వెళ్తే ట్యూబులో ఎంజైమ్‌తో పనిలేకుండా పసుపు పుట్టించేది ఏదో ఉందని అర్థం. ఉల్లి, వెల్లుల్లి జాతిలో ఉండే గంధక సమ్మేళనాలు డీటీఎన్‌బీతో నేరుగా చర్య జరుపుతాయి. దీన్ని తేల్చడానికి ఎంజైమ్ వేయకుండా, దాని స్థానంలో 0.1 మి.లీ. బఫర్ వేసిన ట్యూబు ఒకటి పెట్టాలి. అందులోనూ పసుపు పెరుగుతుంటే ఆ శాంపిల్‌కు ఈ పద్ధతి పనికిరాదు.

ఉల్లి, వెల్లుల్లి, ముల్లంగి, సెలరీ, కొత్తిమీర, పుట్టగొడుగులు, టమాటా రసం: ఇవన్నీ మందు లేకపోయినా ఎంజైమ్‌ను ఇబ్బంది పెట్టేవే. వీటిలో పాజిటివ్ రాగానే రైతును అనుమానించడం అన్యాయం. వీటిని కోయకుండా మొత్తంగా బఫర్‌లో ముంచి ఊపి ఆ నీళ్లు వాడతాను, కోసిన అంచు లేకపోతే రసం బయటికి రాదు. పచ్చ రంగు బాగా దిగే ముదురు ఆకుకూరలకూ ఇదే పద్ధతి. ఇంకో దారి కార్డుకు సరిపోతుంది: ఆకు పైన 2, 3 చుక్కల బఫర్ వేసి, ఇంకో ఆకుతో అక్కడ మెల్లగా రుద్ది, ఆ చుక్కనే తెల్ల బిళ్ల మీద వేయడం. పుల్లటి కాయలైతే తేరిన నీళ్లను పీహెచ్ కాగితంతో చూడండి. బఫర్ తట్టుకోలేనంత ఆమ్లం దిగి ఉంటే ఎంజైమ్ మందగించింది ఆ ఆమ్లం వల్లే తప్ప మందు వల్ల కాదు. అన్నిటికంటే నమ్మకమైనది, మందు కొట్టలేదని తెలిసిన అదే పంట శాంపిల్ ఒకటి పక్కన నడపడం. అదీ పాజిటివ్ వస్తే సంగతి తేలినట్టే. అదే శాంపిల్ నీళ్లకు తెలిసిన మోతాదులో డైక్లోరోవాస్ లేదా కార్బోఫ్యూరాన్ స్టాండర్డ్ కలిపి ఇంకో ట్యూబు నడిపితే, పరీక్ష నిజంగా పట్టగలుగుతోందో లేదో తెలుస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. క్లోర్‌పైరిఫాస్, మలాథియాన్, పారాథియాన్, డైమిథోయేట్ లాంటి మందుల్లో ఫాస్ఫరస్‌కు గంధకం జతపడి ఉంటుంది. ఆ రూపంలో అవి ఎంజైమ్‌ను బలహీనంగానే పట్టుకుంటాయి. పురుగు ఒంట్లోకి పోయాక గంధకం స్థానంలో ఆక్సిజన్ చేరి, అప్పుడు బలమైన విషమవుతాయి. ట్యూబులో ఆ మార్పు జరగదు, అందుకే వీటికి తక్కువ నిరోధం వస్తుంది. ఎసిఫేట్‌దీ ఇలాంటి కథే: అది బలహీనమే, విచ్ఛిన్నమై వచ్చే మెథామిడోఫాస్ బలమైనది. దీనికి మార్గం, శాంపిల్ నీళ్లకు పలచటి బ్రోమిన్ నీళ్లో ఎన్-బ్రోమోసక్సినిమైడో కలిపి గంధకాన్ని తొలగించడం. మిగిలిన బ్రోమిన్‌ను ఆస్కార్బిక్ ఆమ్లంతో పూర్తిగా అణచకపోతే అదే ఎంజైమ్‌ను చంపేసి అన్నీ పాజిటివ్‌గా చూపిస్తుంది. కాబట్టి ఖాళీ ట్యూబుకూ అదే బ్రోమిన్, అదే ఆస్కార్బిక్ ఆమ్లం పోసి నడపాలి. బ్రోమిన్ ఆవిరి ప్రమాదకరం. ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ లేనిచోట ఈ మెట్టు జోలికి పోవద్దు.

ఒక్కో మందుకు విడిగా దొరికే బంగారు నానోకణాల స్ట్రిప్పులు ఈ లోటు కొంత తీరుస్తాయి, ఏ మందు అన్నది కూడా చెబుతాయి. వీటిని చదవడం తిరగబడి ఉంటుంది. సీ (కంట్రోల్) గీత ఎప్పుడూ రావాలి, రాకపోతే స్ట్రిప్పు చెల్లదు. టీ (టెస్ట్) గీత సీ గీతకు సమానంగానో ముదురుగానో ఉంటే నెగటివ్. టీ గీత లేతగా ఉన్నా, అసలు లేకపోయినా పాజిటివ్. మందు ఎక్కువైతే టీ గీత మాయమవుతుంది. రెండు గీతలు చూసి పాజిటివ్ అని రాసేవాళ్లుంటారు, కొత్తగా వచ్చినవాళ్లకు మొదట నేర్పాల్సింది ఇదే. కిట్‌లో రాసిన సమయం దాటాక చదివిన గీతకు విలువ లేదు.

పాజిటివ్ వస్తే అదే శాంపిల్‌ను కొత్తగా తూచి, కొత్త ఖాళీ ట్యూబుతో కనీసం ఇంకో రెండుసార్లు నడపాలి. మళ్లీ మళ్లీ అలాగే వస్తే ఫ్రీజర్‌లో దాచిన భాగాన్ని గడ్డ కరగకుండా ల్యాబ్‌కు పంపాలి. అక్కడ సాధారణంగా 2003లో వెలువడిన క్వెచర్స్ పద్ధతిలో శాంపిల్ నుంచి మందును తీస్తారు: 10 గ్రాముల రుబ్బిన శాంపిల్, 10 మి.లీ. ఎసిటోనైట్రైల్, 4 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్, 1 గ్రాము ఉప్పు. తర్వాత శుద్ధి చేసి, అణువుల బరువును బట్టి పదార్థాన్ని గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్ మీద మందు పేరు, మోతాదు తేలుస్తారు. సరుకును తిప్పి పంపడం, జరిమానా వేయడం లాంటి నిర్ణయాలు ఆ కాగితం మీదే జరగాలి. కార్డు మీద ఆధారపడి చేయగలిగింది ఆ లాట్‌ను పక్కన ఆపి ఉంచడం వరకే.

రిజిస్టర్‌లో నేను ‘సురక్షితం’ అని రాయను. శాంపిల్ పేరు, తీసిన చోటు, బరువు, బఫర్ తయారైన తేదీ, ఎంజైమ్ లాట్ నంబరు, ఖాళీ ట్యూబు పెరుగుదల, శాంపిల్ పెరుగుదల, గది వేడి, కోసి ఊపామా మొత్తంగా ముంచామా అనేవి రాసి, ఫలితం గడిలో ‘కోలినెస్టరేజ్ నిరోధం 26 శాతం, ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ మందులకు మాత్రమే’ అని రాస్తాను.